లోపలి కన్నం

గానుగ దగ్గర బతుకంటే ఏముంది, తిరిగిన చోటే తిరగడం. ముసలి ఎద్దు పన్నెండేళ్లుగా తిరుగుతోంది. మెడ మీద పుండు మానదు, కాకి పొడవడమూ మానదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గాని, ఆ మాట కాకికి చెప్పేదెవరు?

ఆ ఏడు గడ్డి కరువు. గానుగ ఆసామి వచ్చి ఎద్దుకీ, పడుచు దున్నపోతుకీ ఒకేసారి తేల్చేశాడు. "ఇద్దర్నీ మేపలేను. రేపు తలా ఒక రోలు నువ్వులు ఆడండి. ఆడలేనివాణ్ణి సంతకి తోలేస్తా."

సంతకి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఆ రాత్రి దున్న వెళ్లి కాడి కట్టే మేస్త్రీ నక్క చెవిలో గొణిగింది.

"నక్క బావా, నాకు తేలిక పని చూడు. మేతలో నాకొచ్చే తెలగపిండంతా నీకే."

"దానిదేముంది! గానుగ దూలానికి రెండు కన్నాలు. బయటిది రోలుకి ఎనిమిది మూరల దూరం, లోపలిది నాలుగు. నిన్ను లోపలి దానికి కడతా, సగం నడకే. ముసలాయన బయట తిరిగి తిరిగి చస్తాడు."

ఎద్దు అంతా వింది. నోరు తెరవడానికి కూడా ఓపిక లేక కళ్లు మూసుకుంది.

పొద్దున దున్న వంతు. పది చుట్లు ఊపుగానే తిరిగింది. నూనె దిగేకొద్దీ పిండి బిగిసింది. పన్నెండో చుట్టుకి దూలం కదిలితే ఒట్టు.

"లాగవయ్యా, సగం దూరమేగా!" అని నక్క అరిచింది.

"దూరం సగమే బావా, బరువే రెట్టింపు!" అంటూ దున్న మోకాళ్ల మీద కూలబడింది.

మధ్యాహ్నం ఎద్దు బయటి కన్నానికి కట్టించుకుని, ఈగల్ని కూడా తోలుకోకుండా, మెల్లగా తిరిగింది. పొద్దుగూకేసరికి రోలు ఆడేసింది.

నక్క నోరు వెళ్లబెట్టింది. "పడుచు దున్న లాగలేనిది నువ్వెలా లాగావు తాతా?"

"రోట్లో రోకలి తిరగాలంటే లెక్క ముప్ఫై రెండు రావాలనుకో. ఎనిమిది మూరల దూరాన నాలుగు పాళ్ల బలం చాలు. నాలుగు మూరల దగ్గరైతే ఎనిమిది పాళ్లు పెట్టాలి. దూరాన్ని బలంతో హెచ్చవేసుకో, అదే లెక్క."

"ముందే చెప్పొచ్చుగా!"

"పన్నెండేళ్లుగా తిరుగుతున్నా. ఒక్కరోజైనా నన్నెవరడిగారు?"

మర్నాడు దున్నని సంతకి తోలేశారు. నక్కకి తెలగపిండి ఆశ నీళ్లలో కలిసింది. దున్నకి ముందే చెప్పి ఉండాల్సిందేమోనని ఎద్దు మనసు చివుక్కుమంది. అంతలో నక్క కాడి తెచ్చింది. దున్న వంతు చుట్లు కూడా ఇక ఎద్దువే.

నీతి: నడక తగ్గిందని సంబరపడే ముందు మెడ మీద ఎంత పడుతుందో చూసుకో.