ఏకాదశి నాటి జూరీ

వకీలు సుభద్రమ్మగారిని ఏదైనా అడిగితే సెక్షన్ నంబరు చెప్పరు. కుర్చీలో వెనక్కి వాలి కథ మొదలుపెడతారు. ఆ రోజు అడిగింది కొత్తగా చేరిన జూనియర్ హిమజ. చట్టం ముక్క చదవని ఐదుగురిని జూరీగా కూర్చోబెట్టే హక్కు కోసం ఒకప్పుడు జనం అంత కొట్లాడారెందుకు, చదువుకున్న జడ్జి ఒక్కడు చాలడా అని. ప్రశ్న మంచిదే. అడిగిన తీరు మాత్రం తను అప్పటికే జడ్జి అయిపోయినట్టుంది.

దొరల కాలంలో ఒక రేవు పట్టణం. సర్కారు గోదాము తగలబడింది. పడవ నడిపే అప్పలసామి నిప్పు పెట్టాడని కేసు. రుజువైతే ద్వీపాంతరం, మళ్లీ పెళ్లాం మొహం చూడడు. చూశానన్నది గోదాము కాపలావాడొక్కడే. వాడు వాకిట్లో నిలబడి చూశానని ఒకసారి, రేవులో స్నానం చేస్తూ చూశానని ఇంకోసారి చెప్పాడు. జూరీ నిర్దోషి అంది.

జడ్జి దొరకు మండిపోయింది. ఐదుగురూ ఒక్కమాటగా దోషి అనేదాకా అన్నం, నీళ్లు బంద్ అని వాళ్లను గదిలో పెట్టి తాళం వేయించాడు. ఇవాళ తొలి ఏకాదశి, ఊళ్లో ఉపవాసాలని గుమాస్తా చెప్పబోతే నోరు మూయించాడు. దొర చట్టం బాగా చదువుకున్నవాడే, పంచాంగమే చదవలేదు.

లోపల జూరీ పెద్ద, గానుగ వీరన్న, భజన ఎత్తుకున్నాడు. మిగతా నలుగురూ బల్ల మీద దరువు వేశారు. బోనులో అప్పలసామికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కరు మెత్తబడితే చాలు, మిగతావాళ్లనూ లాగేస్తారు; తను ఓడెక్కాల్సిందే.

తీర్పు వచ్చేదాకా జడ్జి కూడా కదలకూడదని అక్కడి నియమం. దీపాలు పెట్టే వేళకు దొర కడుపులో పేగుల అరుపు గుమాస్తాకు వినిపించిందట. దొర జూరీ గది తలుపు తీయించి, ఇప్పటికైనా ఆకలేసిందా అని అడిగాడు.

వీరన్న చేతులు జోడించి, "మాకేం తొందర లేదు బాబూ. తమరు భోంచేసి రండి" అన్నాడు.

దొర అప్పలసామిని వదిలేస్తూ సంతకం పెట్టి, టోపీ కూడా మరిచిపోయి బంగళాకు పోయాడు.

హిమజ పకపకా నవ్వింది. "అయితే మేడమ్, వాణ్ని కాపాడింది జూరీ కాదు, ఏకాదశి. ఇంకో రోజైతే మధ్యాహ్నానికే తీర్పు మారిపోయేది."

సుభద్రమ్మగారు కళ్లజోడు తీసి పమిట కొంగుతో తుడుచుకున్నారు.

"ఐదుగురిలో ఒకాయన ఖాదర్ మస్తాను. ఆయనకు ఆ రోజు ఏ ఉపవాసమూ లేదమ్మా."