బీరవ్వ సున్నపు గీత

అనగా అనగా, గుట్టలకింకా పేర్లు పెట్టని కాలాన, గొర్ల మంద వెంట తిరిగే బీరవ్వ అనే ముసలమ్మ ఉండేది. పిల్లాజెల్లా లేరు. మందను కాసే కుక్కలే ఆమెకు బిడ్డలు.

ఒకనాడు పెద్ద కుక్క తొడలో ముల్లు దిగింది. గాయం ఆవగింజంత, ఏడుపు ఆకాశమంత. మందపెద్ద అయిలయ్య బెణికిందన్నాడు, వాత పెట్టాడు. ఆ కాలంలో అన్నిటికీ అదే మందు మరి! తెల్లారేసరికి కుక్క పోయింది.

మరో ఏడు రెండో కుక్కను తోడేలు గీరింది. గాయం ఆవగింజంత, ఏడుపు ఆకాశమంత. ఈసారి దిష్టి అన్నారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పోశారు. అదీ పోయింది. పాతిపెట్టేముందు బీరవ్వ దాని ఒళ్ళు నిమిరింది. పొద్దున పిడికిలంత ఉన్న వాపు నడుం దాకా పాకింది. చెయ్యి వేస్తే చర్మం కింద చిటపటమంది.

"లోపల కండ కుళ్ళింది బిడ్డా, నేను పైగాయమే చూస్తి" అని గుండె బాదుకుంది.

మూడోది కుర్రకుక్క, పేరు మచ్చ. దాని తొడకు కంప గీసుకుని వాచింది. గాయం ఆవగింజంత, ఏడుపు ఆకాశమంత. అయిలయ్య కొడవలి ఎర్రగా కాల్చాడు.

"ఆగు అయిలన్నా!" అంది బీరవ్వ. వాపు అంచున బొచ్చు కత్తిరించింది. ఆకువక్కకని రొంటిన దోపుకున్న సున్నపుకాయ తీసి, వాపు చుట్టూ గీత గీసింది. "వాపు ఈ గీత దాటకుంటే నీ వాత నువ్వు వెట్టుకో. దాటితే నా మాట ఇనాలె."

"సున్నం గీతకు రోగం భయపడ్తదా, అక్కా?"

"రోగం భయపడది. మనం భయపడాలె."

మచ్చ తల ఒళ్ళో పెట్టుకుని, కన్ను తిప్పకుండా కూర్చుంది. పొద్దు నడినెత్తికి రాకముందే వాపు గీత దాటింది. బీరవ్వ కొయ్యమంది. అయిలయ్య కత్తి కాల్చి తొడ కోశాడు. లోపల కండ నల్లబడి ఉంది, కోసినా నెత్తురు రాలేదు. నెత్తురు కనబడేదాకా కుళ్ళంతా తీశారు. కాచిన ఉప్పునీళ్ళతో రోజూ కడిగారు. మచ్చ బతికింది. కుంటుకుంటూనే తోడేళ్ళను తరిమింది.

బీరవ్వ పోయి ఎన్ని తరాలైందో! ఇప్పటికీ ఆ గుట్టల్లో కుక్క చిన్న గాయానికి పెద్దగా ఏడిస్తే ఎవరూ వాత పెట్టరు. సున్నంతో గీత గీస్తారు. గీసినవాళ్ళు అక్కడినుంచి లేవరు. అన్ని కుక్కలూ బతకవు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. అయినా ఎవరికైనా కునుకు పడితే పక్కవాళ్ళు భుజం తట్టి, "ముసల్ది చూస్తున్నది, కన్ను తిప్పకు" అంటారు.