చాప మీద కూర్చున్న మైకు

మురారికి గొంతు పుట్టుకతోనే వచ్చింది. మిగతావన్నీ కొనుక్కున్నాడు.

డబ్బింగ్ చెప్పి బతుకుదామని హైదరాబాదు వచ్చి, ముందు ఒక మైకు కొన్నాడు. అందులో పక్కింటి కుక్కర్ విజిల్ వినబడుతోందని గోడలకి స్పాంజి అంటించాడు. విజిల్ పోయాక తన ఊపిరి వినబడటం మొదలైంది. ఊపిరి ఎలా పీల్చాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి మైకు పాతదైపోయిందనిపించి ఇంకోటి తెప్పించాడు.

ఈలోగా ఒక సీరియల్ వాళ్లు తండ్రి పాత్రకి గొంతు వెతుకుతూ అతన్నీ శాంపిల్ పంపమన్నారు. చెప్పాల్సింది ఒక్క డైలాగే. కొడుకు అలిగి అరుగు మీద కూర్చుంటాడు. తండ్రి వచ్చి, "అన్నం చల్లారిపోతోంది, లోపలికి రారా" అంటాడు. మురారి ఇవాళా రేపూ అంటూ పంపనే లేదు. మధ్యాహ్నంలోపు రాకపోతే వేరే అతన్ని పెట్టుకుంటామని ఆ పొద్దున వాళ్లు తేల్చి చెప్పేశారు.

మురారి యూసుఫ్‌గూడలో ఉన్న తన గురువు రాజ్యంగారి దగ్గరికి పరిగెత్తాడు. తెర మీద అత్తగార్లు కోడళ్లని తిట్టే తిట్లలో సగం ఆవిడ గొంతులోవే. ఇంట్లో మాత్రం గట్టిగా మాట్లాడరు. ఇంకో మైకు దారిలో ఉందనీ, అది వచ్చేదాకా గడువిప్పించమనీ బతిమాలాడు.

"నీ సామానంతా పట్టుకురా" అన్నారావిడ.

ఆటోలో వేసుకుని తెచ్చాడు. రోజూ శిష్యులు కూర్చునే చాప మీద రాజ్యంగారు మైకులని ముందు వరసలో, హెడ్‌ఫోన్లని వాటి వెనక కూర్చోబెట్టారు. సర్టిఫికెట్‌ని గోడకి ఆనించారు. మురారికి చెప్పుల పక్కన చోటు దొరికింది. డైలాగ్ కాగితం కొత్త మైకు ముందు పెట్టి, "చదువు నాయనా" అన్నారు దానితో. దానికి టీ కూడా పెట్టారు.

మురారి నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి మానేశాడు.

"అమ్మా, అదెలా చదువుతుందండీ?"

"ఇన్నాళ్లూ నువ్వు మైకు కోసమే ఆగావు కదా. నేనూ ఆగుతున్నాను."

అంతలో సీరియల్ ఆఫీసు నుంచి ఫోను. ఇప్పుడే పంపేస్తున్నానని చెప్పి, మురారి గబగబా మైకు వైరు అందుకోబోయాడు. పాఠం మధ్యలో దాన్ని లేపొద్దన్నారావిడ. కావాలంటే ఫోన్లోనే రికార్డు చేసుకోమన్నారు. పెళ్లికి లుంగీతో వెళ్లమన్నట్టు చూశాడు మురారి. ఫోన్లో పంపితే బాగోలేదంటారని గొణిగాడు.

"మైకులో పంపితే?"

మురారి తల దించుకున్నాడు. "అందులో పంపినా బాగోలేదంటే, ఇక నా గొంతే బాగోలేనట్టు కదండీ."

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అనేశాక ఏడుపొచ్చినంత పనైంది.

రాజ్యంగారు ఓదార్చలేదు. లోపలికెళ్లి పాత బొంత తెచ్చి అతని నెత్తిన కప్పారు. వీధి చప్పుడు పడకుండా డబ్బింగ్ వాళ్లు ఇళ్లలో చేసుకునే ఏర్పాటే అది.

బొంత కింద ఒకటే ఉక్క. కోర్సులో చెప్పినట్టు నిండుగా ఊపిరి పీలిస్తే కలరా ఉండల వాసనకి దగ్గొచ్చింది. తెచ్చిపెట్టుకున్న గంభీరం ఆ దగ్గుతోనే పోయింది. మిగిలిన గొంతుతో, పిలిచి పిలిచి విసిగినా వదిలి వెళ్లలేని మనిషిలా, ఫోన్లోకి మెల్లగా అన్నాడు.

"అన్నం చల్లారిపోతోంది. లోపలికి రారా."

మళ్లీ వింటే పంపబుద్ధి కాదని, వినకుండానే పంపేశాడు.

బొంత తీసి చూస్తే గదిలో ఎవరూ లేరు. మైకు ముందు టీ అలాగే ఉంది. వంటింట్లో కంచాల చప్పుడైంది. చెమట తుడుచుకుంటూ వెళ్లాడు. రాజ్యంగారు రెండు కంచాలు పెట్టి, ఒకదాని ముందు కూర్చుని ఉన్నారు.

"ఎలా ఉందండీ?" అని గుమ్మంలోంచే అడిగాడు.

"పిలిచావుగా, వచ్చాను" అన్నారావిడ. "కూర్చో."