ఉప్పు గోదాంలో రెండు తిమింగలాలు

సముద్రానికి అరకోసు దూరంలో, పాడుబడ్డ ఉప్పు మడుల మధ్య ఒక గోదాం ఉండేది. రాతి గోడలు, పెంకుల కప్పు, తలుపు లేని గుమ్మం. ఉప్పు వ్యాపారం మానుకుని మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. చుట్టుపక్కల జంతువులకు తుఫాను వస్తే తలదాచుకోవడానికి అదొక్కటే దిక్కు. తుఫాను ఉన్నన్నాళ్లూ గోదాంలో ఎవరూ ఎవరినీ తిండిగా చూడకూడదు, చోటు లేదని ఎవరినీ పంపేయకూడదు. ముందొచ్చినవాళ్లు లోపలికి జరుగుతూ పోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ పాములు కూడా దాన్ని తప్పలేదు. తప్పినవాడు నక్క పెదబాబు.

ఒక ఎండాకాలం పెదబాబు అందరినీ గోదాం ముందుకు పిలిచాడు. గొంతు సవరించుకుని, మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. అతని మర్యాద చూస్తే గాడిద గవరమ్మకు ఎప్పుడూ చెవులు నిక్కబొడుచుకునేవి.

"పక్క ఊళ్ల జంతువులకు మనమంటే లోకువ. ఎందుకుండదు? బురదా ఉప్పూ తప్ప మన దగ్గర ఏముంది? సముద్రం పక్కనే పుట్టి తిమింగలం ఎలా ఉంటుందో మనలో సగం మందికి తెలియదు. అంచేత ఈ గోదాంలో తల్లీపిల్లా రెండు తిమింగలాల బొమ్మలు పెడదాం. చిన్నాచితకా బొమ్మలు కాదు. అసలువి ఎంతుంటే అంత."

"అసలంతంటే ఎంతేటి బాబూ?" అని అడిగాడు ఎద్దు అప్పలసామి.

సముద్రం మీద ఎగిరి తిమింగలాలను కళ్లారా చూసిన కొంగ జోగులు జవాబు చెప్పాడు. "తల్లి డెబ్బై అడుగులుంటాది. పిల్ల ఇరవై."

గోదాం పొడవు ఎనభై అడుగులు. గవరమ్మ ముందుకొచ్చింది. అప్పుడామె నిండు చూలాలు. "తిమింగలాలు పడుకుంటే మరి మేమెక్కడ నిలబడాల బాబూ?"

"గోడ వారన కావలసినంత చోటుంటుంది గవరమ్మప్పా. నాదీ పూచీ. నీ బిడ్డ రేపు ఈ బొమ్మలు చూస్తూ పెరగాలి. ఎంత అదృష్టమో ఆలోచించు."

అలా అడిగితే కాదనేదెవరు? మేకలు తాటికమ్మలు లాక్కొచ్చాయి. జోగులు వాటిని వంచి తిమింగలం ఆకారానికి కట్టాడు. అప్పలసామి బురద తొక్కాడు. ఏటిగట్టు నుంచి గోదాం దాకా ఆ బురదంతా మోసింది గవరమ్మ. కడుపులో బిడ్డ, వీపు మీద రెండు తడి సంచులు. నలభై ఆరు సార్లు తిరిగింది. పెదబాబు మాత్రం నీడలో కూర్చుని "తోక ఇంకాస్త ఎత్తు" అనేవాడు. తల్లి బొమ్మకు గోడవైపు పని వచ్చేసరికి, "ఇంక చాలు, మీరంతా అలిసిపోయారు. ఆ మిగిలింది మా వాళ్లు చూసుకుంటారు" అని అందరినీ ఇంటికి పంపాడు. పాపం, అతనికెంత జాలో అనుకున్నారంతా.

బొమ్మలు గొప్పగా కుదిరాయి. ఆ మాట కాదంటే అబద్ధమవుతుంది. తల్లి తల గుమ్మం దగ్గర, తోక వెనక గోడకు ఆనించి. పక్కనే పిల్ల. పది ఊళ్ల నుంచి జంతువులు చూడ్డానికి వచ్చాయి. పెదబాబు మేనల్లుళ్లు ఇద్దరు గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డారు. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, ఆగొద్దు, నడవండి అని వాళ్ల అరుపులు. గోడ వారన ఉంటుందన్న చోటు ఒక మేకపిల్ల అడ్డంగా తిరగడానికి కూడా చాలదు. నమ్మినవాళ్లను ఇంతకన్నా నిక్షేపంగా మోసం చేసినవాడు ఆ మడుల్లో అంతకుముందు పుట్టలేదు.

మొదటి వాన పడ్డ రోజుకు గవరమ్మ బిడ్డకు ఎనిమిది రోజులు. కాళ్లింకా నిలవడం లేదు. బిడ్డను తోసుకుంటూ ఆమె గోదాం గుమ్మం దగ్గరికొచ్చింది. వెనకే మేక సన్యాసమ్మ, ఆమె ముగ్గురు పిల్లలు, అప్పలసామి.

"లోపల ఖాళీ లేదు. తడి కాళ్లతో వస్తే బొమ్మలు పాడవుతాయి" అన్నాడు మేనల్లుడు.

"ఈ బొమ్మల మట్టి నా ఈపు మీద ఎక్కొచ్చినాదిరా. దానికి లేని తడి నా కాళ్లకెక్కడిది?" అంది గవరమ్మ.

పెదబాబు బయటికొచ్చాడు. "గవరమ్మప్పా, ఇది కళ. కళను కాపాడుకోవాలంటే కాస్త ఓర్చుకోవాలి."

"బాబూ, తిమింగలానికి వానంటే భయమా? బతుకంతా నీళ్లలోనే గదా ఉంటాది. దానికి కప్పు, నా పసి గుంటకి వానా? ఏ నాయమిది?"

"నీకు అర్థం కాదులే. నువ్వు మట్టి మోసినదానివి" అన్నాడు పెదబాబు, నవ్వుతూనే.

గవరమ్మ ఒళ్లు మండిపోయింది. తన్నాలనిపించింది. కానీ తంతే అల్లరి గాడిదంటారు, బొమ్మలు బద్దలు కొట్టడానికొచ్చిందంటారు, పెదబాబు కోరుకునేదీ అదే. చూరు కింద బిడ్డకు అడ్డంగా నిలబడి వానంతా తన వీపున కాచుకుంది. సగం నీళ్లు బిడ్డ మీదే పడ్డాయి. మర్నాటికి దానికి దగ్గు పట్టుకుంది. సన్యాసమ్మ చిన్నపిల్ల లేవలేదు. మరో వాన తగిలితే తన గుంటా అంతేనని గవరమ్మకు తెలుసు.

వాన వెలిశాక ఆమె ఒక సంగతి చూసింది. పెదబాబు పెళ్లాం, అత్తగారు, ముగ్గురు మరదళ్లు ఒళ్లు విరుచుకుంటూ గోదాంలోంచి వచ్చారు. ఒక్కరి తోకా తడవలేదు. గోడ వారన మేకపిల్లకే లేని చోటు ఇంతమందికి ఎలా సరిపోయింది?

"మావా, నువ్వెంత బురద తొక్కినావు?" అని అప్పలసామిని అడిగింది.

"నువ్వు మోసినంతే గదమ్మా."

"నాను మోసింది నలభై ఆరు సార్లు. ఆ మట్టి నిండా కూరితే తల్లి బొమ్మకి తల వరకైనా రాదు. పైన పూతకే సరిపోయుంటాది. అంటే ఆ కడుపులో ఏటున్నాది?"

అప్పలసామి నెమరు ఆపేశాడు. "ఏటీ నేదు. ఖాళీ" అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "ఖాళీ కాదు. అత్తోరున్నారు" అన్నాడు.

గోడవైపు పని తన వాళ్లు చూసుకుంటారని పెదబాబు అన్నది ఎందుకో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అందరూ తడిసే ఊళ్లో ఆరుగురు పొడిగా పడుకోవడానికి తను కడుపులో బిడ్డను పెట్టుకుని మట్టి మోసిందన్నమాట. గవరమ్మకు దుఃఖం రాలేదు, కోపమే వచ్చింది. ఆ కోపాన్ని వారం రోజులు ఎవరికీ చూపించలేదు.

వారం తిరిగేసరికి తుఫాను కమ్ముకొచ్చింది. పొద్దున్నే తూర్పు దిక్కు నల్లబడింది. ఊళ్లో జంతువులన్నీ గోదాం ముందు పోగయ్యాయి. బొమ్మలు చూడ్డానికొచ్చిన పొరుగూరి వాళ్లు కూడా చిక్కుకుపోయారు. పెదబాబు గుమ్మంలో నిలబడి చోటు లేదన్న పాత పాటే పాడుతున్నాడు. గవరమ్మ తల వంచుకుని ముందుకొచ్చింది.

"లోనికి రమ్మని అడగను బాబూ. ఒక్క మాట సెప్పు సాలు. తల్లి తిమింగలం గట్టిదా, బోలుదా?"

బోలుదంటే అందరూ అందులోకి దూరతామంటారు. పెదబాబుకు ఆ మాత్రం తెలివి లేకపోలేదు. "గట్టిది. తల నుంచి తోక దాకా మట్టే. చీమ దూరే సందు లేదు" అన్నాడు, పొరుగూరి వాళ్లకు కూడా వినబడేలా.

"మరి గోడవైపు కడుపుకి కన్నముందంట గదా. జోగులు సూసినాడట."

"అది కన్నం కాదు, ఎండకు పగిలిన బీట."

"అదే నా బాధ బాబూ. నాను మోసిన మట్టి పగిలితే నాకు తలవొంపులు. తుఫాను గాలి ఆ బీటలోకి దూరితే బొమ్మంతా కూలిపోద్ది. ఇప్పుడే బేగి పూసేస్తాం. మావ మట్టి తొక్కి ఉంచినాడు."

"రేపు చూద్దాంలే."

"రేపటికి బొమ్మేటుంటాది? కళని కాపాడాలని నువ్వే గదా అన్నావు."

పొరుగూరి వాళ్లు నిజమే నిజమే అన్నారు. పూయడానికి కుదరదనాలంటే ఎందుకు కుదరదో చెప్పాలి. పెదబాబు పక్కకు జరిగాడు. మేకలు మట్టి అందించాయి. జోగులు కన్నానికి తాటికమ్మలు అడ్డం కట్టాడు. గవరమ్మ ఒక పూత పూసింది, రెండో పూత పూసింది, మూడోది మెత్తడం మొదలుపెట్టింది.

తిమింగలం కడుపులో ధన్‌మని చప్పుడైంది.

"అదేటి?" అన్నాడు అప్పలసామి.

"గాలి" అన్నాడు పెదబాబు.

"అల్లుడా, సీకటి పడిపోయిందేటి? నాకు ఊపిరాడ్డం నేదు" అంది తిమింగలం కడుపు.

అందరూ పెదబాబు వైపు చూశారు. "గాలికి మీ అత్తోరి గొంతొచ్చినాదేటి బాబూ?" అంది గవరమ్మ. మూడో పూత ఆపలేదు.

లోపలి నుంచి పెళ్లాం కేకలేసింది, మరదళ్లు ఏడుపు లంకించుకున్నారు. పెదబాబు ఇంక ఆగలేకపోయాడు. గవరమ్మను తోసుకుంటూ వెళ్లి, పది ఊళ్ల జంతువులు చూస్తుండగా, ముట్టుకోవద్దని రోజూ అరిపించిన ఆ బొమ్మను తన గోళ్లతో తనే చీల్చాడు. కడుపు సగం విరుచుకుపడింది. లోపల మోకాలెత్తున ఎండుగడ్డి పరుపు, మూలన ఎండుచేపల కుప్ప, వెచ్చగా ఐదుగురు ఆడనక్కలు. ఊళ్లో సగం మంది పట్టేంత చోటు.

మేనల్లుళ్లు కాపలా వదిలి ఎటో జారుకున్నారు. సన్యాసమ్మ ఆ గడ్డిని కాలితో తిరగేసింది. "నా గుంట ఈ గోడకి అవతలే సచ్చిపోనాది పెదబాబూ" అంది.

చినుకులు మొదలయ్యాయి. గవరమ్మ బిడ్డను గడ్డి మీద పడుకోబెట్టింది. తర్వాత రెండు గోనెసంచులు ఈడ్చుకొచ్చి పెదబాబు ముందు పడేసింది.

"మట్టి మోసినదానికి కళ అర్థం కాదన్నావు. నువ్వు కూడా మొయ్యి బాబూ, ఎవరికి ఎంత అర్థమవుద్దో సూద్దాం. ఈ మట్టంతా బయటికి పోవాల. అందరూ లోపల పట్టేదాకా పోవాల."

పెదబాబు అటూ ఇటూ చూశాడు. గుమ్మంలో అప్పలసామి కొమ్ములు దించి నిలబడి ఉన్నాడు. సంచి వీపున వేసుకుని పెదబాబు వానలోకి నడిచాడు. పొద్దు వాలేదాకా తిరిగాడు. తోక నీళ్లు కారుతూ అతను వచ్చిన ప్రతిసారీ లోపలివాళ్లు మరి కొంచెం సర్దుకుని, బయట మిగిలినవాళ్లను పిలుచుకున్నారు. గవరమ్మ గుంట దగ్గు తగ్గి నిద్రపోయింది.

అందరి చోటును బొమ్మకు ఇప్పించేవాడు, ఆ బొమ్మలో తన చోటు ముందే చూసుకుని ఉంటాడు.