గాజులో దొరసాని

విను చిన్నీ! అనగనగా గోదారొడ్డున యానాంలో, ఫ్రెంచి దొరలున్న రోజుల్లో, సూరన్న అనే కుమ్మరి ఉండేవాడు. అతని పెళ్ళాం నూకాలు. తోటకి పూలకుండీలు బాగా చేసిచ్చాడని, ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ సూరన్నకి ఒక గాజుగుండు ఇచ్చాడు. వెలగపండంత ఉంటుంది. లోపల తెల్లమట్టితో చేసిన దొరసాని మొహం, వెండిలా మెరుస్తూ.

సూరన్న దాన్ని గూట్లో పెట్టాడు. అప్పట్నుంచి ఇంటికొస్తే దాని ముందే కూర్చునేవాడు. కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు. నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. నవ్వకే చిన్నీ! రోజంతా మట్టి తొక్కి, పొయ్యి ఊది వండిపెట్టినదాన్ని వదిలేసి, మొగుడు గాజుముక్కని చూస్తుంటే ఎవరికి మండదు?

అప్పుడు నూకాలు బూడిదా చింతపండూ పెట్టి, ఆ మొహం చెరిగిపోవాలని తోమింది. మొహం లోపల కదా ఉంది! దొరసాని ఇంకా తళతళలాడింది.

"బాగా తోమావే!" అన్నాడు సూరన్న.

ఆ తర్వాత గుండుని పక్కకి తిప్పి పెట్టింది. పక్కనుంచి చూస్తే మొహం మాయమైపోతుంది. సూరన్నకి ఆ వింత తెలిసింది. ఇక పొద్దంతా దాన్ని అటు తిప్పడం, ఇటు తిప్పడం.

ఆ తర్వాత ఏం చేసిందంటే, కుండలు కాల్చే ఆవంలో గుండుని దూర్చేసింది. "కాలి చావు" అంది.

ఆవం చల్లారింది. గాజు కరిగి కుండలకి అంటుకుంది. తీర్థంలో అమ్ముదామని చేసిన సరుకంతా పాడైంది. దొరసాని మొహం మాత్రం చెక్కుచెదరలేదు.

"కుమ్మరింటి కోడలివి! మట్టిని ఆవంలో పెడితే చస్తుందటే? గట్టిపడుతుంది!" అని అరిచాడు సూరన్న.

నూకాలు ఏడ్చేసింది. "మరి నువ్వు దాని మొహమే చూస్తుంటే?"

"మొహమెవడు చూశాడే? కాగే గాజులో మట్టిబొమ్మని పగలకుండా ఎలా పెట్టారా అని చూశాను."

"ఆ ముక్క నోటితో చెప్తే నీ సొమ్మేం పోయింది మావా?"

సూరన్న పిడికెడు మట్టి తీసుకున్నాడు. నూకాలుని ఎదురుగా కూర్చోబెట్టి ఆమె మొహం చేశాడు. కాల్చి గూట్లో పెట్టాడు. చూస్తూ కూర్చున్నాడు.

నూకాలు కాసేపు ఓర్చుకుంది. "చాల్లే సంబడం. ఇటు చూడు!"

"అది నువ్వేగదే!"

"అయితే మాత్రం? అది నీకు వండిపెడుతుందా?"

సూరన్న నవ్వుకుంటూ లేచాడు.

కథేమో కంచికి, సూరన్న కంచానికి, నువ్వేమో మంచానికి!