నక్క పెట్టించిన సెన్షర్

ఆ ఏడు ఎండలకు ఏరు పూర్తిగా ఎండి ఇసక మాత్రమే మిగిలింది. ఆ ఇసకలో ముసలి గాడిద డెక్కలతో చెలమ తవ్వింది. అడుగున ఊరిన నీళ్లను కుందేలు మొదలు దున్నపోతు దాకా అందర్నీ వంతుల ప్రకారం తాగనిచ్చేది. వంతు తప్పితే దున్నపోతునైనా తన్నేది.

నక్కకు అదే కంటగింపు. కాపలా తన చేతికొస్తే నీళ్లకొచ్చే జింకపిల్లల్లో రోజుకొకటి నోటికొస్తుంది కదా!

ఒకనాటి మధ్యాహ్నం గాడిద ఎవరికీ చెప్పకుండా చెలమ వదిలి పోయింది. గట్టు కూలి, పొద్దుగూకేదాకా ఎవరికీ చుక్క దొరకలేదు. తెల్లారగానే నక్క కూటం పెట్టించింది.

"ఈ గాడిద మీద సెన్షర్ పెట్టాలి! తెలుగులో అభిశంసన అంటారు."

"అంటే ఏందిరా మనవడా?" అంది దున్నపోతు.

"మండలాఫీసు వెనకాల రెండేళ్లు బతికినవాణ్ణి. అంత పెద్ద మాటకు అర్థం కూడా అడుగుతారా తాతా?"

గాడిద మెల్లగా అంది: "మామా, కాపలా తీసేయమని మామూలుగానే అడగరాదూ?"

"గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన! నా మాటలో అన్నీ ఉన్నాయి."

కూటానికి పెద్ద ముసలి మేక. పంచాయతీ గోడ మీది నోటీసులు నమిలి నమిలి పండిపోయిన తల అది. "కూటానికి ఒక్కటే తీర్మానం. మళ్లీ కూటం అమావాస్యకే. ఇదేనా నీ తీర్మానం?"

"ఇదే!"

"నువ్వేమంటావే గాడిదా?"

"కాలికి ముల్లు దిగితే నీడకు పోయాను అత్తా. చెప్పి పోవాల్సింది. తప్పే."

నలుగురిలో అంత మాట అనడానికి గుండె కావాలి. నేనెరిగినవాళ్లలో అలా అన్నవాళ్లు ఇద్దరే. అననివాళ్ల పేర్లూ నాకు గుర్తే.

మేక లేచి గొంతు సవరించుకుంది. "గాడిదా, చెప్పకుండా కాపలా వదలడం తప్పు. ఆ పనిని ఈ కూటం మెచ్చడం లేదు." అందరూ తలలూపారు. గాడిద తల వంచి విన్నది.

నక్క ఒక్క గెంతు గెంతి చెలమ గట్టున కూర్చుంది. "ఇక వరస కట్టండి. జింకపిల్లలు ముందు!"

"లేవరా. అక్కడ నీకేం పని?" అంది మేక.

"సెన్షర్ అయింది గదా!"

"అయింది. పెద్దలు కూడి 'నువ్వు చేసింది తప్పు' అని పద్ధతిగా, మొహం మీద చెప్పడమే సెన్షర్. నోటికొచ్చినట్టు తిట్టడం కాదు, జరిమానా కాదు, కొలువు తీసేయడం అసలే కాదు. దానికి వేరే తీర్మానం కావాలి."

"అయితే అదీ పెట్టండి!"

"ఇదేనా అని అడిగితే ఇదే అంటివి. అమావాస్యకు రా. పన్నెండు రోజులుంది."

దున్నపోతు నవ్వు ఆపుకోలేక ఇసకలో దొర్లింది. "ఏమ్మా గాడిదా, నీకా మాట ముందే తెలుసా?"

"ఇదివరకు వేరేచోట నా మీద రెండుసార్లు పడింది తాతా. రెండుసార్లూ మర్నాడు పనిలోకే పోయాను." ఆ మాటంటూనే కుంటుకుంటూ చెలమలోకి దిగి, కూలిన ఇసక తోడడం మొదలుపెట్టింది. నిండు కుండ తొణకదంటే అదీ.

నక్క అందరి వెనకాల, ఆఖరి వంతులో నిలబడింది.

మాట గొప్పగా ఉందని ఎత్తుకోకు, అది చేసే పనేమిటో తెలుసుకుని ఎత్తుకో.