ఎండ పెట్టిన చుక్క

ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా తాత పుట్టకముందు మాట, ఆ తాతకు తాత పుట్టకముందు మాట. గడియారమనేది కోటలో తప్ప ఊళ్లో ఎవరికీ లేని కాలం.

సముద్రం పక్కన ఒక ఊరు. ఊరి ముందు ఉప్పుమళ్లు. ఉప్పుమళ్లకు ఎదురుగా మెట్ట. మెట్ట మీద కోట. జమీందారు గారు పట్నంలో ఉండేవారు. కోటలో ఉండేది దివాను గారు.

జమీందారు గారికి ఒక ఏడు సరదా పుట్టి, కోట పక్కనే కాలేజీ కట్టించారు. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ నక్షత్రాల్నీ చదివే కాలేజీ. ఏడాదికి పన్నెండు మంది కుర్రాళ్లు. పాఠం చెప్పడానికి కామేశం పంతులు గారు.

చదువు సగం పుస్తకంలో, సగం వాకిట్లో. వాకిట్లో చేసేదాన్ని ప్రాక్టికల్ అనేవారు. మొదటి ఏడాది వాళ్లను దుర్భిణి ముట్టనిచ్చేవారు కాదు. వాళ్లకు ఒక వెదురు కర్ర ఇచ్చేవారు, అంతే. నిలువెత్తు కర్ర. దాన్ని వాకిలి మధ్యలో నిటారుగా పాతి, నీడ కొస ఎక్కడ పడితే అక్కడ బొగ్గుతో చుక్క పెట్టాలి. పొద్దుట మొదలుపెట్టి మధ్యాహ్నం దాటేదాకా చుక్కలు పెడుతూనే ఉండాలి. కర్రకు అన్నిటికంటే దగ్గరగా ఏ చుక్క పడుతుందో అదే నడిపొద్దు. దాన్ని కొలిచి రికార్డు పుస్తకంలో రాయాలి.

ఆ వాకిలి అలికే మనిషి పేరు నూకాలు.

అలకడమంటే ఇంటి ముందు అలికినట్టు కాదు. గడ్డ ఉండకూడదు, గుంట ఉండకూడదు, నీడ వంకర పోకూడదు. సాయంత్రం కుర్రాళ్లు రికార్డు రాసుకున్నాక చుక్కలన్నీ పోయేలా మళ్లీ అలకాలి. పెట్టేవాళ్లు పన్నెండు మంది, చెరిపేది నూకాలు ఒక్కతే. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మూడేళ్లు చెరిపిన మనిషి కదా, రేపటి చుక్క ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపించగలదు.

ఇక ఉప్పుమళ్ల సంగతి. పొద్దు నడినెత్తికి వస్తే పనివాళ్లు పని ఆపి నీడకు పోవాలి, ఎండ వాలాక మళ్లీ దిగాలి. అది జమీందారు గారు ఇచ్చిన మాట. నడిపొద్దయిందని కోటలో గంట కొడతారు. ఆ గంట కొట్టించేది దివాను గారు. గంట ఎంత ఆలస్యమైతే ఓడలకు అంత ఉప్పు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. నూకాలు చెల్లెలు గవరమ్మ ఉప్పు లాగుతూ లాగుతూ మడిలోనే పడిపోయింది. మళ్లీ లేవలేదు. "కళ్లు తిరుగుతున్నాయంది. గంట కొట్టనేదు కదా, ఒక్క పిసరు ఓర్సుకోమన్నాం" అని పక్కవాళ్లు ఏడ్చారు.

దినాలు అయ్యాక నూకాలు మళ్లీ కాలేజీకి వెళ్లింది. వాకిలి అలికి ఒక మూల కూర్చుంది. కుర్రాళ్లు చుక్కలు పెడుతున్నారు. నీడ కర్రకు దగ్గరయింది. ఇంకా దగ్గరయింది. తర్వాత దూరం జరగడం మొదలుపెట్టింది. గంట మోగలేదు. నీడ జానెడు జరిగింది. గంట మోగలేదు. నీడ మూరెడు జరిగింది. అప్పుడు మోగింది.

నూకాలు లేచి పంతులు గారి దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నడిపొద్దు సుక్క ఏది?"

"ఇది."

"గంట కొట్టినప్పటి సుక్క?"

"అది."

"మధ్యన మూరెడుంది బాబూ. ఆ మూరెడులోనే నా సెల్లి పడిపోనాది."

పంతులు గారు తల దించుకున్నారు. ఆయనకు తెలుసు, కుర్రాళ్లకూ తెలుసు. రికార్డులో గంట చుక్కనే నడిపొద్దుగా రాయమని చెప్పింది ఆయనే. ఆయన కొలువు దివాను చేతిలో ఉంది.

ఆ సాయంత్రం నూకాలు పేడ తట్ట ముట్టలేదు.

కుర్రాళ్లు అడిగారు. "నూకాలూ, అలకవా? రికార్డు రాయడం అయిపోయింది."

"ఏ సుక్క రాసినారు?"

"గంట చుక్క."

"అయితే అవ్వనేదు. ఎండెట్టిన సుక్క నాను సెరపను."

మర్నాడు పంతులు గారు అన్నారు. "నువ్వు అలికేదానివి, కొలిచేదానివి కాదు. చెరిపెయ్యి."

"కొలిసినోలు రాయనేదు కదా బాబూ. ఎండెట్టిన సుక్క నాను సెరపను."

మూడో రోజు దివానే గొడుగు పట్టించుకుని వచ్చాడు. చుక్కలు చూశాడు. "కర్ర వంగింది" అన్నాడు.

నూకాలు ఒక దారానికి రాయి కట్టి కర్ర కొస నుంచి వేలాడదీసింది. దారం కర్రను ఆనుకుని దిగింది.

"నేల పల్లంగా ఉంది" అన్నాడు.

నూకాలు చెంబుడు నీళ్లు పోసింది. నీళ్లు ఏ పక్కకూ పారకుండా నిలిచాయి.

"కుర్రాళ్ల చెయ్యి తప్పింది" అన్నాడు.

"అయితే రేపు మీరే ఎట్టండి బాబూ. మీరెట్టినా నానెట్టినా ఎండ ఒకలాగే ఎడతాది."

దివాను ముఖం ఎర్రబడింది. "నీకు ఈ వాకిట్లో పని లేదు. పో" అన్నాడు.

"పోతాను. ఎండెట్టిన సుక్క మాత్రం నాను సెరపను."

దివాను మనుషులే చుక్కలు చెరిపారు, కర్ర విరిచి పారేశారు. నూకాలు మెట్ట దిగి, చెల్లెలు వదిలేసిన పార అందుకుని ఉప్పుమడిలోకి దిగింది.

"కర్ర ఇరిసేసినారట కదే" అన్నారు పనివాళ్లు.

"కర్రెందుకు? మనం నిలబడ్డామంటే మనమూ కర్రలమే. నడిపొద్దు నీడ ఇప్పుడు బెత్తెడుంది. ఏటా ఎండలు ముదిరినాక ఒక్క రోజు అది సున్నా అయిపోద్ది. మూడేళ్లు సూసినాను. ఇంకా తొమ్మిది రోజులు. ఆ రోజు మీ కాళ్ల కింద మీరే సూసుకోండి."

తొమ్మిదో రోజు వచ్చింది. మబ్బు లేదు, గాలి లేదు. పనివాళ్లు ఉప్పు లాగుతూ నీడ చూసుకుంటున్నారు. జానెడు నీడ, బెత్తెడు నీడ, వేలెడు నీడ. ఆ తర్వాత అదీ లేదు. ఎవరి నీడ వాళ్ల పాదాల కిందికి పోయింది.

నూకాలు పార కింద పెట్టి గట్టెక్కింది.

మేస్త్రీ అడ్డమొచ్చాడు. "గంట కొట్టనేదు, దిగు."

"నీ కాళ్ల కింద సూసుకో" అంది.

మేస్త్రీ చూసుకున్నాడు. ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు, ఒక కాలు ఎత్తి చూశాడు. పక్కకు తప్పుకున్నాడు.

ఒకరి వెనక ఒకరు గట్టెక్కారు. పది మంది, నలభై మంది, నూరు మంది. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. తడి కాళ్లతో గట్టు మీద నడిచిపోయారు. మెట్ట మీద కాలేజీ వాకిట్లో పన్నెండు మంది కుర్రాళ్లు నిలబడి ఇదంతా చూశారు. పంతులు గారు రికార్డు పుస్తకం తెప్పించుకుని తన చేత్తో రాశారు: "ఈ రోజు నడిపొద్దు. నీడ లేదు. గంట ఇంకా కొట్టలేదు." కింద సంతకం పెట్టి, పుస్తకం కుర్రాళ్ల ముందుకు జరిపారు. పన్నెండు మందీ సంతకం పెట్టారు.

చాలాసేపటికి గంట మోగింది. ఉప్పుమళ్లలో వినడానికి ఒక్క మనిషి లేడు.

రెండో రోజూ అంతే. నీడ చూసుకుని వెళ్లిపోయారు, ఖాళీ మళ్ల మీద గంట మోగింది. మూడో రోజు నీడ పాదాలు ముట్టిన క్షణానే గంట మోగింది. ఆ తర్వాత ఎన్నడూ ఆలస్యం కాలేదు.

దివాను నూకాల్ని మళ్లీ పనిలోకి పిలవలేదు. ఆమె అడగనూ లేదు. చాలా ఏళ్లు ఉప్పు లాగింది. ముసలితనంలో ఒక వానాకాలం జ్వరం తగిలి పోయింది. మెట్ట మీంచి కుర్రాళ్లు దిగొచ్చి పాడె మోశారు. అప్పటికి పంతులు గారు కూడా ముసలాయన. కర్ర పట్టుకుని శ్మశానం దాకా నడిచారు.

ఇప్పుడు కోట లేదు, దివాన్లు లేరు. ఆ ఉప్పుమళ్లలో మాత్రం మధ్యాహ్నాన్ని ఎవరూ మధ్యాహ్నం అనరు. నూకాలు పొద్దు అంటారు. ఏటా నీడ లేని రోజు వస్తే, కాలేజీ పిల్లలు మెట్ట దిగి పనివాళ్ల పక్కన గట్టు మీద ఉత్తికాళ్లతో నిలబడతారు.

ఆ కాలేజీలో ప్రాక్టికల్ చెయ్యకుండా లెక్క కుదిర్చి రాసినవాణ్ణి మేష్టర్లు తిట్టరు, కొట్టరు. రికార్డు తిరిగి చేతిలో పెట్టి, "ఇది నూకాలుకి చూపిస్తావా?" అని అడుగుతారు.

చూపిస్తానన్నవాడు ఇంతవరకు లేడు.